ఓవర్సీరు గారి బీరు – మా ఇంటి తరవాణి

(తోటపల్లి గూడూరులో జరిగిన మన సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "వేసవిలో వృద్ధుల ఆహార నియమాలు". నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లకాయలకు సైన్సు చెప్పి రిటైరైన అయ్యవారిని. కాబట్టి నియమాల జోలికి పోకుండా ఒక మిత్రుణ్ణి గురించీ, ఒక కుండను గురించీ చెప్పి కూర్చుంటాను. ఆ మిత్రుడు ఈ సభలోనే మూడో వరుసలో ఉన్నాడు. ఆయన అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను. "పేరు మాత్రం చెప్పబాక అయ్యోరా" అన్నాడు గనుక ఓవర్సీరు అనే పిలుస్తాను. ఆయన ఎవరో మీ అందరికీ తెలుసు. అది నా తప్పు కాదు.

ఓవర్సీరుకు సాయంత్రం ఒక బీరు అలవాటు. ఒకటే. రెండోది ముట్టడు. కానీ ఆ ఒక్కదానికీ ఆయన పెట్టే వంకలు అన్నీ ఇన్నీ కావు. సీసా మీద తయారైన తేదీ చూస్తాడు. మూడు నెలలు దాటితే తిరిగిచ్చేస్తాడు. ఆటోలో కుదుపులకు వచ్చిన సీసాను రెండు గంటలు కదలకుండా నిలబెడతాడు. స్టీలు గ్లాసులో పోస్తే తాగడు. గాజు గ్లాసును వంచి పోసి, చివర నిలబెట్టి, నురుగు సరిగ్గా రెండు వేళ్ళ ఎత్తు తేవాలి. పక్కన ఉడకబెట్టిన శెనక్కాయలు ఉండాలి, అందులో ఉప్పు ఎక్కువ కాకూడదు. కాలవల మీద నీటి మట్టం కొలిచిన మనిషి గదా, గ్లాసులో కూడా కొలతే. ఎవరింటికైనా పోయి, వాళ్ళు మర్యాదకు వేరే రకం బీరు పోస్తే, వాసన చూసి "నాకు ఈ పూట కడుపులో బాగలేదు" అనేవాడు.

ఈ బీరు అలవాటుకు ఒక చరిత్ర ఉంది. అది చెప్పకపోతే తరవాత కథ అర్థం కాదు.

1991లో మన జిల్లాలో అక్షర దీపం కార్యక్రమం మొదలైనప్పుడు రాత్రి బడుల పర్యవేక్షణ మా ఉపాధ్యాయుల మీద పడింది. లాంతరు వెలుతుర్లో ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారాకు బలైపోయిన సంసారం కథ. మామూలుగా పాఠం అయిపోతే పిల్లకాయలు లేచిపోతారు. ఆ పాఠం అయిపోయినాక ఆడవాళ్ళు లేవలేదు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారూ, ఆమె తోటివారూ సారా దుకాణం ఎత్తివేయించిన సంగతి ఊరూరా పాకింది. ఆ తరవాత జరిగింది మీరంతా కళ్ళారా చూసినదే. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు.

మా రాత్రి బడిలో పాఠం చెప్పిన వలంటీర్లలో ఓవర్సీరు భార్య ఒకరు. ఆయన ఆ రోజుల్లో బీరుతో ఆగే మనిషి కాదు. ఊళ్ళో ఆడవాళ్ళకు సీతమ్మ కథ చెప్పి ఇంటికి పోతే ఇంట్లో బాటిల్ ఉండేది. ఆ మహాతల్లి గొడవ పడలేదు. ఒక రాత్రి పలక తెచ్చి ఆయన ముందు పెట్టి, "నేను రేపటి నుంచి బడికి పోను. చెప్పే మొహం నాకు లేదు" అన్నదట. మరునాడు ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. గట్టివి మానెయ్యాలి, సాయంత్రం ఒక్క బీరు, అదీ ఇంట్లో, ఆమె కళ్ళ ముందు. నిషేధం ఉన్న రెండేళ్ళు మాత్రం ఆయనకు మద్రాసులో తరచూ పని పడేది. తడ చెక్‌పోస్టు దాటి అవతలికి పోతే ఏం పనో నేనడగలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఒప్పందాన్ని మాత్రం ఆయన మీరలేదు. ఒక్కటి, ఇంట్లో, అదే కుర్చీలో.

ఇక 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చినాక అలవాటైన రకాలు కనపడకుండా పోయాయి. ఎన్నడూ వినని పేర్లు వచ్చాయి. ఓవర్సీరు ప్రతి సాయంత్రం ఒక కొత్త పేరు రుచి చూడడం, సగం తాగి చెట్టుకు పోయడం. వాళ్ళ పెరట్లో కొబ్బరి చెట్టు ఆ ఏడాది బాగా కాసింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను సైన్సు ప్రకారం చెప్పలేను.

ఆ తరవాత 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25, మనకు ఉగాది. దుకాణాలు అప్పటికే మూతపడ్డాయి. నాలుగు రోజులు ఓపిక పట్టాడు. ఐదో రోజు మాస్కు కట్టుకుని మా ప్రహరీ గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అయ్యోరా, నువ్వు పిల్లకాయలకు పులియబెట్టడం పాఠం చెప్పినోడివే గదా. బార్లీ గింజలు కిరాణా కొట్లో ఉండాయి. ఈస్టు బేకరీ వాడి దగ్గర దొరకద్ది. మనింట్లోనే ఒక పది సీసాలు చెయ్యలేమా?" అన్నాడు.

చెయ్యలేమని చెప్తే అబద్ధం. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తే గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ మొలకల్ని ఎండబెట్టి, నూరి, వేడి నీళ్ళలో ఉంచితే తియ్యటి రసం వస్తుంది. దాన్ని హాప్స్ అనే తీగ పువ్వులతో కాచితే చేదు పడుతుంది. చల్లార్చి ఈస్టు వేస్తే చక్కెర ఆల్కహాలుగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మారుతుంది. అంతే బీరు. చాలా దేశాల్లో జనం ఇళ్ళల్లో చేసుకుంటారు, పోటీలు కూడా పెట్టుకుంటారు. మన రాష్ట్రంలో మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మత్తు పానీయం తయారు చేయడం నేరం. ఆ మాట చెప్పి, "ఓవర్సీరూ, మన 1980 పెన్షన్ రూల్సు గుర్తున్నాయా? పెన్షన్ రావాలంటే రిటైరైనాక కూడా సత్ప్రవర్తన ఉండాలని అందులో రాసుంది. డీఏ కోసం ఇన్నేళ్ళు కొట్లాడి, పది సీసాల కోసం మొత్తం పోగొట్టుకుంటావా?" అన్నాను. నవ్వలేదు. "పోనీలే. తోపుల వైపు ఎవరో నాటుది కాస్తున్నారంట, ఒకడు తెచ్చిస్తానన్నాడు" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరు కాచారో, అందులో ఏం కలిపారో తెలియని సరుకు. అదే ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది తరవాతి మాట. కానీ ఆ రాత్రి నాకు భయం వేసింది మాత్రం అట్లాంటి దానికే. పైగా ముప్పై ఏళ్ళ కిందటి ఆ ఒప్పందం తెలిసిన వాణ్ణి. నాటుసారా అంటే ఆ పలక ముందు మాటిచ్చి మానేసినది.

తెల్లవారి మా ఇంటావిడతో చెప్పాను. ఆమె విని, "అన్నయ్య గారికి పులిసిందే కావాలంటే మనింట్లో తరవాణి కుండ ఉండాది గదా" అన్నది.

కొత్త తరం వాళ్ళు కూడా ఉన్నారు గనుక తరవాణి అంటే చెప్తాను. ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసి అన్నం వండి, సిబ్బి మూసి గంజి వారుస్తాం. ఆ గంజీ, బియ్యం రెండోసారి కడిగిన కడుగూ, ఒక గుప్పెడు అన్నమూ, కొంచెం ఉప్పూ కడవలో వేసి, గుడ్డ కట్టి మూల పెడితే మన ఏప్రిల్ ఎండల్లో రెండు మూడు రోజులకు పులుస్తుంది. పైన తేరిన తేట తీసుకుని తాగొచ్చు, అందులో అన్నం నానబెట్టి పొద్దున చద్దిగా తినొచ్చు. తీసినంత మేరకు మళ్ళీ కొత్త గంజి పోస్తూ ఉండాలి. అడుగున ఉన్నది తోడు లాగా పనిచేస్తుంది గనుక కడవ ఎప్పుడూ ఖాళీ చేయకూడదు. మన అమ్మమ్మల కాలంలో దాన్ని లక్ష్మి అని చూసేవాళ్ళు. మడి లేకుండా తాకనిచ్చేవాళ్ళు కాదు. చెయ్యి పెడితే చెడుతుందనే శుభ్రత సూత్రం ఆ మడిలో ఉంది. ఒరిస్సాలో పఖాళ అన్నం నీళ్ళను తొరాణి అంటారు, మన మాటకు చుట్టమే. పూరీ జగన్నాథుడికి కూడా పఖాళ నైవేద్యం ఉంది. తమిళులు నీరాగారం అంటారు. రష్యా వాళ్ళు రై రొట్టెతో క్వాస్ అని పులియబెట్టుకుంటారు. ప్రెషరు కుక్కరు వచ్చాక మనకు గంజి వార్చడం పోయింది, దానితో ఇదీ పోయింది. మా ఇంట్లో మిగిలిందంటే మా ఆవిడ మొండితనమే కారణం.

బీరుకూ దీనికీ తేడా ఒక్కటే. బీరులో పని ఈస్టుది. తరవాణిలో ముఖ్యంగా పెరుగును తోడుపెట్టే జాతి బ్యాక్టీరియాది. అవి చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పులుపు వస్తుంది, మత్తు రాదు.

మొదటి గ్లాసు గోడ మీదుగా అందించాను. ఓవర్సీరు వాసన చూశాడు. "ఏంది అయ్యోరా ఇది, కుడితా? గేదెకు పెట్టబోయి నాకిచ్చినట్టుండావే" అని గ్లాసు గోడ మీద పెట్టేశాడు.

సైన్సు అయ్యవారికి ఒక రోగం ఉంటుంది. ప్రయోగం తప్పితే ఒప్పుకోబుద్ధి కాదు. ఏం బాగాలేదో ఒక్కొక్కటే చెప్పమన్నాను. నాలుగు చెప్పాడు. వాసన బాగాలేదు, చల్లగా లేదు, చేదు లేదు, నురుగు లేదు.

చల్లదనం తేలిక. ఫ్రిజ్జులో పెడితే పులుపు చచ్చిపోయి చప్పగా అనిపించింది. కడవను తడి ఇసుకలో కూర్చోబెట్టి చుట్టూ తడి గోనె కట్టాం. కుండ లోపలి చెమ్మ ఆవిరయ్యేటప్పుడు వేడిని పట్టుకుపోతుంది. కోడూరు వైపు నుంచి సాయంత్రం సముద్రపు గాలి తగిలితే ఇక చెప్పనక్కర్లేదు. బీరు కూడా మరీ మంచులా ఉంటే రుచి తెలియదని ఓవర్సీరే ఒప్పుకున్నాడు.

చేదుకు ఉగాది పచ్చడికి తెచ్చిన వేపపువ్వు ఇంట్లోనే ఉంది. ఎండబెట్టి, నెయ్యి లేకుండా కొంచెం వేయించి, చిటికెడు పలచటి గుడ్డలో మూటకట్టి తేటలో ఒక గంట వేలాడదీశాం. మొదటిసారి రెండు చిటికెలు పడి కషాయం అయింది. మూడోసారికి కుదిరింది. గ్లాసు పెట్టి నాలుక చప్పరించి, "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" అనడం మా ఇంటావిడ గోడ చాటు నుంచి విన్నది.

నురుగు దగ్గర నేను దెబ్బ తిన్నాను. సీసాలో పోసి బిరడా కొడితే వాయువు లోపలే ఉండి నురుగు వస్తుందని లెక్కవేశాను. ఎక్కువ రావాలని కొంచెం బెల్లం కూడా వేశాను. ఓవర్సీరు ఖాళీ సీసానే తెచ్చి, రబ్బరు బిరడా బిగించి, మంచం కింద పెట్టాను. రెండో రాత్రి ఒంటిగంటకు టపీమని పేలింది. బిరడా మంచానికి తగిలి గోడకు కొట్టుకుంది, వీధి కుక్కలన్నీ లేచాయి. కర్ఫ్యూ లాంటి ఆ రోజుల్లో ఆ చప్పుడుకు నా గుండె ఆగినంత పనయింది. గాజు పగలకపోవడం మా అదృష్టం. మీరెవరూ అట్లాంటి పని చేయకండి. మా ఆవిడ లైటు వేసి చూసి, "ఇన్నేళ్ళు బడిలో పిల్లకాయల చేత చేయించింది చాలదా?" అన్నది. సీసాలో మిగిలినది వాసన చూస్తే తరవాణి వాసన కాదు. బెల్లం వేసి మూస్తే గాలిలోని ఈస్టు పని అందుకుంటుంది. ఎక్సైజు వాళ్ళు ధ్వంసం చేశారని పేపర్లలో వచ్చే బెల్లపు ఊట అంటే అదే. నేను సత్ప్రవర్తన పాఠం చెప్పి ఆ పనే చేశానన్నమాట. మొత్తం చెట్టుకు పోసి, ఓవర్సీరుకు మాత్రం సీసా లీకైందని చెప్పాను. ఇవాళే నిజం తెలుసుకుంటున్నాడు. చూడండి, నవ్వుతున్నాడు.

నురుగుకు మార్గం ఆయనే చూపించాడు. "మన నెల్లూరోళ్ళకు నురుగు ఎవరో నేర్పాల్నా? కాఫీ ఎట్టా పోస్తాం?" అని రెండు గ్లాసులు తీసుకుని జాన ఎత్తు నుంచి తిరగపోశాడు. గంజిలోని పిండి వల్ల నురుగు నిలిచింది. వేళ్ళు పెట్టి కొలిచాడు. రెండు వేళ్ళు.

మిగిలింది వాసన. మూడో రోజుదాకా ఉంచకుండా రెండో రోజే తీశాం, మెతుకులు పడకుండా వడగట్టాం, అల్లం ముక్క, వాము, నిమ్మాకు నలిపి వేశాం. ఏప్రిల్ నెల సగం అయిపోయింది. గోడకటు ఆయన కుర్చీ, ఇటు నా కుర్చీ. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తాగలేదు. ఇంకేదో వంక పెడతాడనుకున్నాను.

"నిమ్మాకు కాదు అయ్యోరా. దబ్బాకు వెయ్యాల. ఆమె దబ్బాకే వేసేది" అన్నాడు.

నాకు ఆశ్చర్యం వేసింది. "నువ్వు ఎన్నడూ తాగలేదన్నావే?" అన్నాను.

"తాగలేదు. ముప్పై ఏళ్ళు ఆ కడవ పక్కనే గదా కూర్చుని అన్నం తిన్నా" అన్నాడు.

ఇంకేం మాట్లాడలేదు. లేచి పెరట్లోకి పోయాడు. అక్కడ దబ్బ చెట్టు ఉంది, ఆమె పెట్టినది. చీకట్లో తడుముకుంటూ నాలుగు ఆకులు కోసుకొచ్చి గోడ మీద పెట్టాడు. తరవాత తానే చెప్పాడు. ప్రతి వేసవిలో ఆమె "ఒక్క గుక్క రుచి చూడండి" అనేదట. ఈయన ప్రతిసారీ కుడితి అనేవాడట. ఆమె పోయిన ఏడాదే ఆ కడవను ఎవరో పనిమనిషి బయట పెట్టేస్తే, వాన నీళ్ళు నిండి, చిట్లిపోయిందట. మరునాడు దబ్బాకుతో చేసి ఇచ్చాం. గ్లాసు మొత్తం తాగాడు. బాగుందని అనలేదు. "రేపు ఉప్పు కొంచెం తగ్గించమను చెల్లెమ్మను" అన్నాడు.

2020 మే 4న దుకాణాలు తెరిచారు. రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు. ఓవర్సీరు గొడుగేసుకుని క్యూలో నిలబడి ఒక సీసా తెచ్చుకున్నాడు. నేనేమీ అనలేదు. ఆయన డబ్బు, ఆయన ఒప్పందం. నాటుసారా వైపు పోలేదు, నాకు అది చాలు. ఆ సాయంత్రం గ్లాసు వంచి పోసి, తాగి, సగం కొబ్బరి చెట్టుకు పోసి, గోడ దగ్గరికొచ్చి ఖాళీ గ్లాసు చాపాడు. మా ఆవిడ ఆ ముచ్చట ఇప్పటికీ బంధువులందరికీ చెప్తుంది.

బీరు పూర్తిగా మానేశాడని చెప్తే మీరు చప్పట్లు కొడతారు గానీ అది నిజం కాదు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు మళ్ళీ వచ్చాక తన పాత రకం దొరికింది. నెలకొకటో రెండో తాగుతాడు, తేదీ చూసే. మిగతా వేసవి సాయంత్రాలు తరవాణే. మా కడవ నుంచి తోడు తీసుకుపోయి సొంతంగా పెట్టుకున్నాడు. ఇప్పుడు నా తరవాణికి వంకలు పెడుతున్నాడు. పోయిన వారం మాది రుచి చూసి, "కొత్త బియ్యం గంజి పోసుండారు, జిగురుగా ఉండాది" అన్నాడు. నిజమే. ఆ రోజు పాత బియ్యం అయిపోయాయి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మనబోటి వాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. తరవాణి తాగితే రోగాలు పోతాయని నేను చెప్పను. ఎండాకాలం చలవగా ఉంటుంది, దాహం తీరుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు వేయకుండా విడిగా తీసుకోండి. షుగరు ఉన్నవాళ్ళు అది గంజే అని మరవకండి, అన్నం లెక్కలో కలుపుకోండి. కిడ్నీ జబ్బుకు నీళ్ళు కొలిచి తాగేవాళ్ళు డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు. కడవ మట్టిదే వాడండి, అల్యూమినియం గిన్నెలో పులుపు ఉంచకండి. మీద నల్లగానో, పచ్చగానో బూజు కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబోసి కొత్త కడవ పెట్టండి. బెల్లం వేయకండి. బిరడా అసలే బిగించకండి.

ఓవర్సీరు ఇవాళ తన కడవ మోసుకొచ్చి బయట వరండాలో, తడి ఇసుక మీద పెట్టి ఉన్నాడు. గాజు గ్లాసులు కూడా తనవే తెచ్చాడు, స్టీలు గ్లాసుల్లో పోయనంటున్నాడు. ఉప్పు లేనిది ఎడమ పక్క చిన్న కుండలో ఉంది. దబ్బాకు ఆ చెట్టుదే. భోజనాలకు ముందే తాగండి, తరవాత మిగలదు.